అరవై ఎనిమిది కిలోల నాలుగు వందలు

నా కళ్లతో చూడని అంకె నేను రాయను. గొప్ప కోసం చెప్పడం లేదు, నా ఉద్యోగమే అది. కిడ్నీలు మెల్లమెల్లగా చేతులెత్తేస్తున్న వాళ్లకి మూలకణాలు ఎక్కిస్తే ఏమైనా మేలు జరుగుతుందా అని మా ఆస్పత్రిలో ఒక ప్రయోగం నడిచింది. నలభై మంది రోగులు, పైన ఒక డాక్టరమ్మ, ఆమె కింద నేను. కణాలు తయారుచేసేది ఒకరు, రక్తం పరీక్షించేది ఇంకొకరు. మధ్యలో ప్రతి రోగినీ నెలకోసారి పిలిచి, బరువు తూచి, బీపీ చూసి, రక్తం తీసి, కాగితాలు నింపేది నేను. ఒక్క అంకె తేడా వచ్చినా అందరి వేళ్లూ నా వైపే చూపిస్తాయి. అందుకే నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ అని పేరు. ఆ పేరు అబద్ధమేమీ కాదు.

పదిహేడో నంబరు రోగి మొదటిరోజు మా గదిలోని కాటా ఎక్కారు. దిగారు. మళ్లీ ఎక్కారు.

"అమ్మా, మీ కాటా రెండు వందల గ్రాములు తక్కువ చూపిస్తోంది" అన్నారు.

పొద్దున్నే ఇలాంటివి వింటే నాకు ఒళ్లు మండుతుంది. "మీకెలా తెలుసండీ?" అన్నాను.

"ఇంట్లో తూచుకునే వచ్చాను. నా కాటా తప్పదు."

మిషన్లు బాగుచేసే అతన్ని పిలిపించాను, ఈయన నోరు మూయించడానికే. అతను పరీక్ష రాళ్లు పెట్టి చూశాడు. సరిగ్గా రెండు వందల గ్రాములు తక్కువ. రోగి నా వైపు చూడకుండా, కిటికీ వైపు చూసి చిన్నగా నవ్వుకున్నారు. తరవాత తెలిసింది, ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారని. ఆ సాయంత్రానికల్లా మా వార్డు మొత్తం ఆయన్ని కాటాగారు అనడం మొదలుపెట్టింది. బాగుచేసిన కాటా మీద ఆయన బరువు అరవై ఎనిమిది కిలోల నాలుగు వందలు. రాశాను.

ఆయనతో చెల్లెలు వచ్చేది. సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చేసేది కాబట్టి ఎప్పుడూ యూనిఫాంలోనే, కాళ్లకి బండ బూట్లతోనే ఉండేది. ఆమె నడిచొస్తుంటే మా వరండాలో అందరికీ తెలిసేది. అన్నాచెల్లెళ్లకి పద్నాలుగేళ్ల తేడా. ఆమెకి ఏడో ఏట తల్లి పోతే, జడలు వేయడం దగ్గర్నుంచి డ్రైవింగ్ నేర్పించడం దాకా అన్నీ ఈయనే చేశారట. ఆ జడల సంగతి ఆమే చెప్పింది.

"రెండు జడలూ కొలిచి మరీ అల్లేవాడు మేడమ్. ఒకటి వేలెడు పొట్టిగా వస్తే మొత్తం విప్పేసేవాడు. స్కూలు బెల్లు కొట్టేసేవాళ్లు."

ఆమె కిడ్నీ ఆయనకి సరిపోయింది. ఇస్తానని ఏడాదిగా వెంటపడుతోంది. ఆయన ససేమిరా అంటున్నారు. చివరికి నా బల్ల ముందే కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు.

"ఆరు నెలలు ఈ వైద్యం చూస్తాను" అన్నారు కాటాగారు. "ఆరో నెల రక్తంలో ఆ క్రియాటినిన్ అంకె పెరగకుండా ఉంటే నువ్వు నీ కిడ్నీ ఊసెత్తకూడదు."

"పెరిగితే?"

"పెరిగితే నువ్వెలా అంటే అలాగే."

"మేడమ్, మీరే సాక్షి" అంది ఆమె. నన్ను సాక్షిగా పెట్టుకోవద్దని చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు.

ఆమె పక్క నుంచీ ఒక చిక్కుంది. కిడ్నీ ఇచ్చేవాళ్లు మరీ లావుగా ఉండకూడదు. ఆమె ఎత్తుకి డెబ్భై అయిదు కిలోలు దాటితే ఆపరేషన్ చెయ్యమని సర్జన్లు తేల్చి చెప్పారు. అప్పటికి ఆమె డెబ్భై తొమ్మిది. "ఆరు నెలల్లో నాలుగు కిలోలు! అదేం లెక్క!" అని చిటికె వేసింది.

ఆ రోజే కాటాగారు నన్నొక ప్రశ్న అడిగారు. "ఆ అంకె దేనిదమ్మా? క్రియాటినిన్ అంటారే, అదెక్కణ్నుంచి పుడుతుంది?"

నన్ను ఇలా శ్రద్ధగా అడిగేవాళ్లు తక్కువ. కొంచెం ఉబ్బిపోయాను కూడా. "కండలో పుడుతుందండీ. కండ పనిచేస్తుంటే అది రక్తంలోకి చేరుతుంది, కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది. కిడ్నీ అలిసిపోతే రక్తంలో పేరుకుంటుంది. మీకు మూడు పాయింట్ నాలుగుంది. అది పెరిగితే కిడ్నీ దిగజారినట్టు, తగ్గితే కోలుకున్నట్టు."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. ఏం రాసుకున్నారో అప్పుడు నేను చూడలేదు.

మందు ఎక్కించే రోజు మా దగ్గర ఒక తంతు ఉంటుంది. నలభై మందిలో సగం మందికే మూలకణాలు. మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది వెళ్లిందో రోగికి తెలియకూడదు, నాకు తెలియకూడదు, డాక్టరమ్మకీ తెలియకూడదు. తెలిస్తే మనసు ఊరుకోదు, బాగుపడాలనుకున్నవాళ్లే బాగుపడినట్టు కనిపిస్తారు. కణాల సంచీ మబ్బుగా ఉంటుంది, ఉప్పునీళ్ల సంచీ తేటగా ఉంటుంది. అందుకని రెండింటికీ నల్లగుడ్డ తొడిగి పంపిస్తారు. ఇంకో సంగతి, కణాలు సంచీ అడుక్కి దిగిపోతాయి కాబట్టి ఐదు నిమిషాలకోసారి సంచీని మెల్లగా ఊపాలి. ఉప్పునీళ్లు ఎక్కడికీ దిగవు, అయినా వాటినీ అలాగే ఊపాలి. పసిపిల్లని జోకొట్టినట్టు నలభై నిమిషాలు నేను కాటాగారి సంచీని ఊపాను. ఆయన మంచం మీద పడుకుని కన్నార్పకుండా నా చేతినే చూశారు.

"సమానంగా ఊపుతున్నారమ్మా" అన్నారు చివర్లో. ఆ మాట ఆయన నోట రావడం మామూలు మెప్పు కాదని నాకు అప్పటికే తెలుసు.

తరవాత నెలలు గడిచాయి. ఆయన అంకె మూడు పాయింట్ నాలుగు నుంచి మూడు పాయింట్ మూడుకి దిగింది. ఆ మీదట మూడు పాయింట్ ఒకటి. నాలుగో నెల మూడు. ఐదో నెల రెండు పాయింట్ ఎనిమిది. ఈ జబ్బులో అంకె నిలబడటమే గొప్ప, వెనక్కి నడవడం ఎవరూ చూడలేదు. డాక్టరమ్మ మామూలుగా నవ్వే మనిషి కాదు. అలాంటిది పదిహేడో నంబరు కాగితం చేతిలోకి తీసుకుంటే చాలు, మొహం విప్పారేది. "ఎవరికి ఏం వెళ్లిందో మనకి తెలియదు, తెలుసుకోకూడదు" అంటూనే, "కానీ ఈయనకి కణాలే వెళ్లి ఉండాలి" అనేది. నేను కూడా లోపల్లోపల అలాగే అనుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కాటాగారి బుగ్గలు మాత్రం లోపలికి పోయాయి. చొక్కా కాలరులో రెండు వేళ్లు దూరేలా ఉంది. అడిగితే, "పాత చొక్కా అమ్మా, సాగిపోయింది" అన్నారు. నెలనెలా అదే చొక్కా, అదే ప్యాంటు. "తూకం రోజు బట్టలు మార్చకూడదు, తేడా వచ్చేస్తుంది" అని ఆయనే వివరణ ఇచ్చారు. నలభై మందిలో ఇంత పద్ధతి గల మనిషి ఇంకొకరు లేరని మురిసిపోయాను. పైగా బరువు చూస్తే తగ్గనే లేదు కదా. అరవై ఎనిమిది నాలుగు వందలు. కాటా చెప్పాక కాలరు మాట ఎవరు వింటారు?

చెల్లెలు మాత్రం గోల పెట్టేది. "డ్యూటీ అయ్యాక మూడు స్టాపులు నడిచే వెళ్తున్నా మేడమ్. సగం కంచమే తింటున్నా. అయినా వంద గ్రాములు కూడా దిగట్లేదు. అన్నయ్య వంట మరీ రుచిగా ఉంటుంది, అదే నా కొంప ముంచుతోంది." అన్నయ్య తల వంచుకుని బీపీ పట్టీ కోసం చెయ్యి చాపేవారు.

ఐదో నెల చివర్లో లెక్కలు సరిచూసే ఆఫీసు నుంచి నాకో చీటీ వచ్చింది. వాళ్లు మా మొహాలు చూడరు, అంకెలే చూస్తారు. "పదిహేడో నంబరు రోగి బరువు వరసగా ఆరుసార్లు 68.4 అని ఉంది. ప్రతిసారీ తూచి రాశారా, లేక పాత అంకెనే దించేశారా? వివరణ ఇవ్వగలరు."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండేళ్ల సర్వీసులో నన్ను దొంగ లెక్కలు రాశావా అని అడిగినవాడు లేడు. ఆ చీటీ పట్టుకుని డాక్టరమ్మ గదిలో పది నిమిషాలు అరిచాను. ఆమె ఓపిగ్గా విని, "ఈసారి బట్టలు మార్పించి, గౌనులో తూచి, కాటా ఫొటో కూడా పంపించెయ్యండి. వాళ్ల నోళ్లు మూతపడతాయి" అంది. సరేనన్నాను. ఎవరి నోళ్లు మూయించాలన్నా నాకు మొదట గుర్తొచ్చేది కాటాయే అనుకుంటాను.

ఆరో నెల కాటాగారు వచ్చారు. చెల్లెలు బయట బెంచీ మీద కూర్చుంది. నేను ఆస్పత్రి గౌను చేతికిచ్చి, "కొత్త రూలండీ, ఇది వేసుకుని తూగాలి" అన్నాను.

ఆయన గౌను అందుకోలేదు. "చొక్కాతోనే ఫరవాలేదులెండి."

"నాకు ఫరవా ఉందండీ. నేను మీ అంకె దించేస్తున్నానని నా మీద నింద పడింది."

"మీ మీదా?" ఆయన మొహం మారిపోయింది. అది నటన కాదు. ఇంకొకరి మీదికి వెళ్తుందని ఆయన ఊహించినట్టు లేదు. కాసేపు గౌను వంక చూశారు. తరవాత తీసుకుని తెర వెనక్కి వెళ్లారు.

తెర వెనక బెంచీ మీద ఏదో బరువైనది దించిన చప్పుడైంది. దబ్బున పడేసిన చప్పుడు కాదు, జాగ్రత్తగా ఆనించినది. ఆయన బయటికొచ్చి కాటా ఎక్కారు. గౌనులోంచి కనిపిస్తున్న చేతులు పుల్లల్లా ఉన్నాయి. అంకె నాకంటే ముందు ఆయనే చదివారు.

"అరవై రెండు ఎనిమిది వందలు. కాటా సరిగ్గానే ఉందమ్మా."

తెర వెనక బెంచీ మీద గుడ్డ బెల్టు ఉంది. మందపాటి గుడ్డతో ఆయనే కుట్టుకున్నది. దానికి వరసగా చిన్న చిన్న అరలు, ప్రతి అరలో సన్నటి ఇనప బిళ్ల, ప్రతి బిళ్ల మీద దాని బరువు ముద్ర. మొత్తం అయిదు కిలోల ఆరు వందలు. నెలనెలా ఎంత తగ్గితే అంత కలిపారు.

"ఆ అంకె కండలో పుడుతుందన్నారు కదా" అన్నారు ఆయన, నేలవైపు చూస్తూ. "కండే లేకపోతే అంకె ఎక్కడిదనుకున్నాను. గుడ్లు, మాంసం మానేశాను. నెమ్మదిగా తిండీ తగ్గించాను."

అంటే దారి చూపించింది నేనే. ఆయన మీద కోపం వచ్చింది, నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ కోపంలోనే అడిగాను. "ఒక నెల అరకిలో అటూ, ఒక నెల ఇటూ పెట్టుకుని ఉంటే ఈ జన్మలో ఎవరూ పట్టుకునేవాళ్లు కాదు. మనిషన్నాక బరువు అలా గీత గీసినట్టు ఉంటుందా? ఇంత తెలిసిన మీకు ఆ మాత్రం తట్టలేదా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యంగా చూశారు. "తట్టిందమ్మా. చెయ్యి రాలేదు. తప్పు తూకం నా చేత్తో ఎలా పెట్టను?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తక్కెడ పళ్లెం కింద మైనం అంటించిన వాళ్లని ముప్పై ఒక్క ఏళ్లు పట్టుకున్న మనిషి, నడుముకి అయిదున్నర కిలోల ఇనుము కట్టుకుని నా ముందు నిలబడి, అందులో గ్రాము తేడా లేదని చెబుతున్నారు.

"రాయొద్దని అడగను" అన్నారు. "నన్నలా అడిగినవాళ్లందరి మీదా కేసు రాశాను. కానీ మా చెల్లిని కొయ్యడం నాకిష్టం లేదమ్మా. పెద్ద స్టీరింగు తిప్పాలి అది. దాని చేతుల్లో రోజూ అరవై మంది ఉంటారు. నేను రెండు జడలు అల్లిన పిల్ల. దాని ఒంట్లోంచి తీసి నా ఒంట్లో పెట్టుకుని ఎన్నాళ్లు బతకాలి నేను?"

అయినా రాశాను. 62.8.

తరవాతవన్నీ చకచకా జరిగిపోయాయి. డాక్టరమ్మ కండతో సంబంధం లేని ఇంకో రక్తపరీక్ష చేయించింది. ఆయన కిడ్నీలు కోలుకోవడం మాట అటుంచి, ఆరు నెలల్లో ఇంకా కిందికి జారాయి. ఇక కిడ్నీ మార్చడం తప్ప దారి లేదు. ఒంట్లోకి పరాయి కణాలు వెళ్లాయో లేదో తెలియాలని సర్జన్లు అడిగితే, ఎవరికి ఏది ఎక్కించారో రాసి దాచిన కవర్లలో పదిహేడో నంబరుది సీలు తీశారు. లోపల రెండే మాటలున్నాయి. ఉప్పు నీళ్లు.

డాక్టరమ్మ ఆ కాగితం బల్ల మీద పెట్టింది. తరవాత కాటాగార్ని పిలిపించి, అరవకుండా చెప్పింది. "మీది ఉప్పునీళ్ల వైపు. ఉప్పునీళ్లవాళ్లు కూడా బాగుపడుతున్నారని మీ అంకె చెప్పింది. నేను దాన్ని నమ్మి ఉంటే, ఈ కణాలు నిజంగా పనిచేసినా, పనిచెయ్యవని తేలేది. మీలాంటి వాళ్లు కొన్ని వేలమంది ఈ జవాబు కోసం చూస్తున్నారు."

ఆయన చేతులు కట్టుకుని విన్నారు. "నేను మైనం అంటించాను" అన్నారు. నేనేమో నా చెయ్యి చూసుకున్నాను. నలభై నిమిషాలు ఈ చేత్తో ఉప్పునీళ్లని జోకొట్టాను.

చెల్లెలికి చెప్పే పని నా నెత్తిన పడింది. ఆమె బెల్టు చేతిలోకి తీసుకుని బరువు చూసింది. ముందు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిరిగి అన్నయ్య వంక చూసి, "నీ కంచంలోదంతా నా కంచంలోకి తోశావు కదూ?" అంది. "కూరలో అంత నూనె అందుకేనా? నువ్వు ఎండిపోవాలి, నేను బలవాలి, అప్పుడు సర్జన్లు నన్ను వద్దంటారు. ఒకే దెబ్బకి రెండు పనులు!"

"రుచిగా ఉందన్నావుగా" అన్నారు ఆయన.

ఆమె రెండు రోజులు అన్నయ్యతో మాట్లాడలేదట. మూడో రోజు నుంచి వంట ఆమే చేసింది. ఆయన కంచం ముందు కూర్చుని, డాక్టరు చెప్పినంతా చివరి మెతుకు వరకూ తినేదాకా లేవనివ్వలేదట. "అన్నయ్యకి మాత్రం నా వంట నచ్చట్లేదు మేడమ్, దేవుడి దయవల్ల నాకూ నచ్చట్లేదు" అని ఫోన్లో చెప్పింది.

ఏడు వారాల తరవాత ఇద్దరూ వచ్చారు. ఆ రోజు తూగాల్సింది చెల్లెలు. డెబ్భై అయిదు లోపు ఉంటే మర్నాడే ఆస్పత్రిలో చేరాలి. దాటితే సర్జన్ల వరస తప్పిపోతుంది, మళ్లీ నెల పైమాటే. ఆ నెలంతా కాటాగారు రక్తం శుభ్రం చేసే మిషన్ మీదికి వెళ్లాలి. ఆయన దానికి సంతోషంగా వెళ్తారని ముగ్గురికీ తెలుసు.

ఆమె డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. యూనిఫాం, బూట్లు. గబుక్కున కాటా ఎక్కేసి, ఊపిరి బిగబట్టి కళ్లు మూసుకుంది. "నేను చూడను. అన్నయ్యా, నువ్వు చదువు."

కాటాగారు ముందుకొచ్చి అంకె మీదికి వంగారు. నేను కలం పట్టుకున్నాను.

"డెబ్భై అయిదు మూడు వందలు" అన్నారు.

ఆమె భుజాలు కిందికి జారిపోయాయి. "నాకు తెలుసు" అంది చిన్నగా, కళ్లు తెరవకుండానే.

నేను బూట్లు చూశాను. ఆమె ఎక్కుతున్నప్పుడే చూశాను. పాదరక్షలు విప్పి తూగవలెను అని గోడ మీద కాగితం ఉంది, నా చేతిరాతే. చూసి నోరెత్తలేదు. ఆయనకి ఆ నెల దొరికితే బాగుండునని నాకు అనిపించింది. పదకొండేళ్లలో నేను రాసిన ఏ అంకె గురించీ నాకు అలా అనిపించలేదు.

కాటాగారు తల తిప్పి నా వైపు చూశారు. నేను చూశానని ఆయనకి తెలిసింది. ఒక్క మాట కూడా అక్కర్లేదు, ఊరుకుంటే చాలు. కాగితం నాది, కలం నాది, తప్పు కూడా నాదే అవుతుంది. ఆయన నిలబడే ఉన్నారు.

"దిగవే" అన్నారు చివరికి. "బూట్లు విప్పు."

ఆమె కళ్లు తెరిచి తన కాళ్ల వంక చూసుకుంది. తరవాత అన్నయ్య వంక చూసింది. వంగి లేసులు లాగితే ముడి బిగుసుకుపోయింది. ఆయన నేల మీద కూర్చుని, రెండు బూట్లూ తనే విప్పి, జత తప్పకుండా గోడ పక్కన పెట్టారు. ఆమె మళ్లీ ఎక్కింది. ఆయన మళ్లీ వంగారు. ఈసారి చాలాసేపు చూశారు.

"డెబ్భై నాలుగు రెండు వందలు" అన్నారు. "రాయండమ్మా."

అంకెకి ఆయన వీపు అడ్డంగా ఉంది. కాస్త పక్కకి జరగండి అని ఉండొచ్చు. అనలేదు. ఆయన చెప్పినట్టే రాసి, కింద సంతకం పెట్టాను.